మా బావమరిది పిస్టలు

2022 జనవరిలో ఒక శుక్రవారం తెల్లారగట్ల ఫోను మోగింది. ఆ టైములో డల్లాస్ నుంచి ఫోనంటే మంచి కబురయ్యుండదని మా ఆవిడ అప్పటికే లేచి కూర్చుంది. చేసింది ఆవిడ తమ్ముడు. వాడు పగలు సాఫ్టువేరు, సాయంత్రాలు ముగ్గురు స్నేహితులతో కలిసి కొన్న గ్యాస్ స్టేషను. (అక్కడ గ్యాసంటే మన పెట్రోలేనండి.) ముందురోజు రాత్రి పదకొండింటికి కొట్టు కట్టేసే వేళకి ఎవడో వచ్చి తుపాకి చూపించి, గల్లాపెట్టెలో డబ్బూ వీడి ఫోనూ పట్టుకుపోయాడు. దెబ్బలేం తగల్లేదు. రెండు నిమిషాల్లో అయిపోయిందట.

వారం తర్వాత మళ్ళీ చేశాడు, ఈసారి నాకు విడిగా.

"బావా, మీ అబుదాబీలోనే తయారవుతుందిట కదా, కారకాల్ అని పిస్టలు. చిన్నది, సి మోడలు ఒకటి సెకండ్ హ్యాండులో చౌకగా దొరుకుతోంది. కాస్త కనుక్కుని చెప్పు. అక్కకి మాత్రం చెప్పకు."

నేనిక్కడ బ్యాంకులకి సాఫ్టువేరు పెట్టే కన్సల్టెంటుని. నా జేబులో కారు తాళాలు, ఎమిరేట్స్ ఐడీ తప్ప ఇంకేం ఉండవు. ఈ దేశంలో లైసెన్సు లేకుండా తుపాకి దగ్గరుంటే జైలే, మనలాంటి వాళ్ళకి లైసెన్సు ఊసే లేదు. అర్ధరాత్రి కార్నీషులో ఒంటరిగా నడిచి ఇంటికొచ్చే మనిషిని పట్టుకుని ఏ పిస్టలు కొనమంటావని అడిగితే ఏం చెప్పను? కానీ మనకో జబ్బుంది కదా, ఎవరేం అడిగినా తెలీదనలేం. ఎక్సెల్ షీటొకటి తెరిచాను.

కారకాల్ కథ నిజంగానే ఆసక్తిగా ఉంటుంది. విల్హెల్మ్ బూబిట్స్ అనే ఆస్ట్రియా ఆయన రూపకల్పన. 2007లో అబుదాబీలో కంపెనీ మొదలైంది. పెద్దది ఎఫ్, దాని తమ్ముడు సి. చేతిలో బాగా కిందికి కూర్చుంటుందనీ, పేల్చినప్పుడు మూతి తక్కువగా లేస్తుందనీ మంచి పేరొచ్చింది. కానీ 2013లో సి మోడలు కింద పడితే తనంతట తనే పేలే ప్రమాదముందని కంపెనీయే వెనక్కి పిలిచింది. మావాడికి చౌకగా ఎందుకు దొరుకుతోందో అప్పుడర్థమైంది. ఆ రాత్రే ఫోన్ చేసి దాని జోలికి పోవద్దని చెప్పాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన ఉపకారం అదొక్కటే.

(అన్నట్టు, అదే కారకాల్ తో కలిసి ఐకామ్ వాళ్ళు 2024లో హైదరాబాదులో తుపాకుల ఫ్యాక్టరీ తెరిచారు. మనవాళ్ళు గల్ఫుకి రావడం తాతల కాలం నాటి మాట. గల్ఫు నుంచి మన ఊరికి తుపాకి వెళ్ళడం మాత్రం నేనూహించలేదు.)

తర్వాత ఇక్కడే ఒక షూటింగు క్లబ్బుకి వెళ్ళాను. ఐడీ చూపించి డబ్బు కడితే పక్కన ఒక శిక్షకుణ్ణి నిలబెట్టి, గొలుసుతో కట్టినంత పనిచేసి, పేల్చనిస్తారు. ఆఫీసు బృందంతో ఎప్పుడో ఒకసారి వెళ్ళినప్పుడు పెద్ద పిస్టలుతో బాగానే కొట్టానని నాకో నమ్మకం. ఈసారి చిన్నది అడిగాను. ఏడు మీటర్లు, అంటే మన హాలు ఈ గోడ నుంచి ఆ గోడకి కాస్త ఎక్కువ. పది కొడితే కాగితం మీద నాలుగే పడ్డాయి. ఒకటి భుజానికి, ఒకటి చెవి పక్కన, మిగతా రెండూ ఎక్కడో మీరు అడక్కండి :)

శిక్షకుడు నవ్వలేదు. చిన్న తుపాకి కొత్తవాడి కోసం కాదు, బాగా చేయి తిరిగినవాడి కోసం అన్నాడు. ఇంటికొచ్చి ఆలోచిస్తే లెక్క సరిగ్గానే ఉంది. బరువు తగ్గితే తన్ను పెరుగుతుంది. పిడి పొట్టిదైతే చిటికెన వేలికి చోటుండదు, పట్టు జారుతుంది. గొట్టం పొట్టిదైతే ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం తగ్గి, చేతి వణుకు అక్కడికి వెళ్ళేసరికి జానెడవుతుంది. పోనీ పెద్దది తీసుకుందామా అంటే చొక్కా కింద దాగదు. గ్లాక్ 19 అని 1988 నుంచీ అందరూ మధ్యేమార్గంగా చెప్పేది ఒకటుంది, పదిహేను తూటాలు పడతాయి, నింపితే ముప్పాతిక కిలో దాటుతుంది. ముప్పాతిక కిలో నడుముకి కట్టుకుని పొద్దుటినించి రాత్రిదాకా కంప్యూటరు ముందు కూర్చుని చూడండి. 2018లో సిగ్ వాళ్ళ పి365 వచ్చాక అరచేతిలో ఇమిడేదాంట్లోనే పది తూటాలు పడుతున్నాయి. అప్పటినుంచీ అన్ని కంపెనీలూ ఆ దారే పట్టాయి.

ఇక అసలు సంగతి ఒరది. వీటిల్లో చాలావాటికి విడిగా నొక్కే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గరుని పూర్తిగా కప్పే గట్టి ఒరే దాని తాళం. మెత్తటి తోలుదో గుడ్డదో చౌకరకం కొని, దోపుకునేటప్పుడు చొక్కా అంచు ట్రిగ్గరులో ఇరుక్కుని తొడలో పేల్చుకున్నవాళ్ళ కథలు అక్కడ కొల్లలు. పిస్టలు మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా ఒర మీద, బెల్టు మీద పెట్టమని మావాడికి రాశాను. నా షీటులో పద్నాలుగు వరసలు తేలాయి. చూసుకుని మురిసిపోయాను కూడా.

మా ఆవిడకి తెలియకుండా ఎన్నాళ్ళుంటుంది? షీటు తెరిచే ఉంచి స్నానానికెళ్ళాను. వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఉంది.

"వాడికి బుద్ధి లేదు సరే. మీకేమైంది?"

జవాబు లేదు నా దగ్గర. ఉన్నదల్లా, 2017 ఫిబ్రవరిలో కాన్సస్ లో మన తెలుగు ఇంజనీరుని బార్లో కాల్చి చంపిన రోజు మేమిద్దరం ఇక్కడ టీవీ ముందు మాట్లాడకుండా కూర్చున్న జ్ఞాపకం. వాడికి ధైర్యం చెప్పడానికి ఇక్కణ్ణించి ఇంకేం చెయ్యగలనో తెలియక చేశానేమో.

చట్టం సంగతి చూస్తే టెక్సాస్ లో 2021 సెప్టెంబరు నుంచి ఇరవై ఒకటి దాటినవాళ్ళు చాలామంది పర్మిట్టు లేకుండానే దాచుకుని తిరగొచ్చు. కానీ హెచ్1 వీసా మీద ఉన్నవాడు మామూలుగా తుపాకి కొనడానికి లేదు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. మావాడికి పన్నెండేళ్ళ నిరీక్షణ తర్వాత గ్రీన్ కార్డు వచ్చి నాలుగు నెలలే అయింది. గ్రీన్ కార్డుతో మొదట చేసే పని ఇదని ఎవరనుకుంటారు?

మాది ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లె. మా పెదనాన్నకి లైసెన్సున్న రివాల్వరు ఉండేది, పాయింట్ 32. మన దేశంలో మామూలు పౌరులకి 9 ఎం.ఎం. ఇవ్వరు కాబట్టి ఎవరి దగ్గర చూసినా ఇదే. (ఆడవాళ్ళ కోసమని 2014లో కాన్పూరు నుంచి వచ్చిన నిర్భీక్ కూడా ఇదే కొలత. అరకిలో బరువు, లక్షకి పైన ధర.) ఊళ్ళో అప్పుడు పార్టీలు, నాటుబాంబులు, అవన్నీ మీకు తెలిసినవే. పెదనాన్న పంచెకట్టు మీద తోలు బెల్టు కట్టి, దానికి ఆ రివాల్వరు తగిలించి, పైన వదులు చొక్కా వేసేవాడు. ఇరవయ్యేళ్ళు మోశాడు. నాకు తెలిసి ఒక్కసారీ పేల్చలేదు. కానీ పెళ్ళిళ్ళలో గుమ్మానికి ఎదురుగా తప్ప కూర్చునేవాడు కాదు. ఎండాకాలం అందరం మిద్దె మీద పడుకుంటే ఆయన మాత్రం లోపల గడియపెట్టుకుని పడుకునేవాడు. పిల్లలం ఎవరం ఆయన ఒళ్ళో కూర్చుని ఎరగం. ఎన్నికలొస్తే ఆయుధాలన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి కదా, రసీదు తెచ్చుకుని పెట్టెలో పెట్టేవాడు. ఆ నెలరోజులూ మా పెద్దమ్మ హాయిగా నిద్రపోయేదని మా అమ్మ చెప్పేది.

ఇదంతా మావాడికి ఫోనులో చెప్పాను. విన్నాడు. "బావా, ఆ రాత్రి వాడు వెళ్ళిపోయాక నాకు పావుగంటదాకా షట్టరు లాగడానికి చేతులు రాలేదు. అది నీకెట్లా చెప్పను" అన్నాడు. ఇంక నేనేం అనలేదు.

ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ఉంది కాబట్టి ముందు తాళం పెట్టె కొనమన్నాను, కొన్నాడు. క్లాసుకి వెళ్ళమన్నాను, వెళ్ళాడు. కొట్టు తొమ్మిదింటికే కట్టెయ్యమని వాళ్ళక్క అంది, భాగస్వాములు ఒప్పుకోలేదు. పిస్టలు ఏది కొన్నాడో చాలా రోజులు చెప్పలేదు, నేనూ అడగలేదు. నా పద్నాలుగు వరసల షీటు తెరిచి కూడా చూసుండడు.

ఆ డిసెంబర్లో సెలవు పెట్టి వెళ్ళాం. దుబాయ్ నుంచి పదహారు గంటల విమానం, కాళ్ళు వాచిపోయాయి. మావాడు కాస్త లావయ్యాడు, చొక్కా బయటికి వదిలేసి వేసుకోవడం మొదలెట్టాడు. వాళ్ళమ్మాయి చలాకీ పిల్ల, అత్త తెచ్చిన ఖర్జూరాల డబ్బా అప్పటికప్పుడే విప్పించింది. సాయంత్రం మావాడు కొట్టుకి బయల్దేరబోతూ సోఫాలో మా పక్కన కూర్చున్నాడు. పాప పరిగెత్తుకుంటూ వచ్చింది. వాడికి కుడిపక్కనే ఉంది, అక్కణ్ణించే ఎక్కొచ్చు. ఎక్కలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఎడమవైపు నుంచి ఎక్కి ఒళ్ళో కూర్చుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు దానికి. మా ఆవిడ నావైపు చూసి, లేచి వంటింట్లోకి వెళ్ళింది.