పద్దెనిమిదా, పదిహేనా?

మా అన్నయ్య మనవడికి అమెరికాలో ఒక పెద్ద యూనివర్సిటీలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. 2024 ఆగస్టులో ప్రయాణం. చదువు కష్టమని పేరున్న చోటు. మా ఇంట్లో నేను హేతువాదినని అందరికీ తెలుసు కాబట్టి ప్రయాణానికి ముహూర్తం సంగతి నా దాకా రానివ్వలేదు. కానీ డబ్బు లెక్కలు వచ్చేసరికి నేనే గుర్తొస్తాను. ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కలు చూసి రిటైరైన వాణ్ణి కదా.

ఒక సాయంత్రం వాడు, వాడి నాన్న కాగితాలు పట్టుకుని వచ్చారు. మొదటి సెమిస్టరులో ఎన్ని కోర్సులు తీసుకోవాలన్నది ప్రశ్న. మన దగ్గర చాలా కాలేజీల్లో ఈ గొడవ లేదు, మొదటి సెమిస్టరు సబ్జెక్టులు వాళ్ళే ఇస్తారు. అక్కడ విద్యార్థే ఎంచుకోవాలి. వాడి యూనివర్సిటీలో ఒక్కో కోర్సు 3 క్రెడిట్లు. అక్కడి చాలా యూనివర్సిటీల్లో లాగే 12 నుంచి 18 క్రెడిట్ల దాకా ఎన్ని తీసుకున్నా ఫీజు ఒకటే. వాడు ఆరు కోర్సులు రాసుకొచ్చాడు: కాలిక్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్, ఇంగ్లీషు వ్యాసరచన, ఎకనామిక్స్, ఖగోళశాస్త్రం. మొత్తం 18.

"అప్పు చేసి పంపిస్తున్నాం బాబాయ్. ఫీజు ఒకటే అయినప్పుడు ఆరోది ఉచితమే కదా. పైగా వీడి జాతకంలో బుధుడు ఉచ్ఛలో ఉన్నాడట, ఎంత చదివినా ఎక్కుతుందని సిద్ధాంతిగారు చెప్పారు" అన్నాడు మా వాడు.

జాతకం మాటకి నవ్వాను. కానీ ఒక నిజం ఒప్పుకోవాలి. 18 అన్నది మాత్రం నాకూ సబబుగానే తోచింది. ఒకే ఫీజుకి ఐదు బదులు ఆరు వస్తుంటే ఏ కామర్సు వాడు వద్దంటాడు? "తీసుకో" అన్నాను. అందులో ఖగోళశాస్త్రం ఉండడం నాకు మరీ సంతోషం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1985లో నేను చేసిన పని గుర్తొచ్చింది. ఆఫీసులో ప్రమోషన్ కోసం ఎస్.ఏ.ఎస్. పరీక్షకి, బయట కాస్ట్ అకౌంటెన్సీ ఇంటర్‌కి ఒకేసారి కట్టాను. సిలబస్ కొంత కలుస్తుంది కదా, ఒక చదువుతో రెండు పనులు అనుకున్నాను. రెండూ తప్పాను. నన్ను ఏ సిద్ధాంతీ మోసం చెయ్యలేదు. నా మీద నాకున్న నమ్మకాన్ని ఎవరూ తనిఖీ చెయ్యలేదు, అంతే. ఆఫీసులో మాత్రం వోచరు లేని ఒక్క రూపాయినీ వదిలేవాణ్ణి కాదు.

మర్నాడు వాణ్ణి పిలిచాను. "నిన్న తప్పు చెప్పానురా, కూర్చో" అన్నాను. కాగితం మీద 168 అని రాశాను. వారానికి ఉన్న గంటలు అవే. నిద్రకి 56. వంట, తిండి, స్నానం, బట్టలు ఉతకడం, వీటికి 25. క్యాంపస్‌లో ఉద్యోగానికి వారానికి 20 గంటల దాకా అనుమతి ఉన్నా వాడు 10 చేద్దామనుకున్నాడు. నడక, బస్సు, ఇంటికి ఫోన్లు, జ్వరం, అన్నిటికీ కలిపి 10. మిగిలింది 67.

ఇక ఖర్చు. 2011 నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వ నిర్వచనం ప్రకారం ఒక క్రెడిట్ అంటే సుమారు పదిహేను వారాల పాటు వారానికి ఒక గంట తరగతి, బయట కనీసం రెండు గంటల చదువు. అంటే 18 క్రెడిట్లకి వారానికి 54 గంటలు.

"ఇంకా 13 మిగులు ఉంది కదా చిన్నతాతా" అన్నాడు వాడు.

అక్కడే ఉంది చిక్కు. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1979లో ఒక సంగతి చెప్పారు. ఒక పని ఎంతసేపట్లో అవుతుందో అంచనా వేసేటప్పుడు మనం ఆ పనిని మాత్రమే చూస్తాం, అలాంటి పనులు ఇదివరకు ఎంతసేపు పట్టాయో చూడం అని. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. పరిశోధన వ్యాసం ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగితే సగటున 33.9 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులంటే 48.6 అన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. వాళ్ళ చెడ్డ అంచనా కూడా చాలలేదన్నమాట.

ఆ లెక్కని యథాతథంగా వారపు చదువుకి అంటించడం సరికాదు. పాతిక శాతం మాత్రమే పెంచి చూశాం. 54 కాస్తా 67.5 అయింది. మిగులు పోయి అరగంట లోటు. అదే 15 క్రెడిట్లకి 45 గంటలు, పాతిక శాతం కలిపితే 56. పదకొండు గంటలు చేతిలో ఉంటాయి.

"ఫీజు పెరగదు నిజమే. కానీ ఆరో కోర్సుకి గంటలు ఎవరిస్తారు? మిగతా ఐదే ఇవ్వాలి. మార్కులు తగ్గి స్కాలర్‌షిప్ పోతే ఉచితం అనుకున్నదాని ఖరీదు తెలుస్తుంది" అన్నాను.

"అయితే 12 తీసుకుంటా, హాయిగా ఉంటుంది" అన్నాడు.

అదీ కూడదు. అక్కడ స్టూడెంట్ వీసా మీద డిగ్రీ చదివేవాడు సెమిస్టరుకి మామూలుగా కనీసం 12 క్రెడిట్లు చదవాలి. ముందుగా అనుమతి లేకుండా అంతకి తగ్గితే వీసా హోదాకే ముప్పు. కొత్త బోధనా పద్ధతి అలవాటు కాకపోవడం, ఇంగ్లీషు ఇబ్బంది లాంటి మొదటి ఇక్కట్లకి అనుమతి దొరకవచ్చు. కానీ దాన్ని నమ్ముకుని బయల్దేరకూడదు. 12తో మొదలుపెడితే ఒక్క కోర్సు మొరాయించినా వదులుకోవడానికి వీల్లేదు. 15తో మొదలుపెడితే ఒకటి వదిలినా 12 ఉంటుంది. బడ్జెట్లో అనుకోని ఖర్చులకి కొంత పక్కన పెట్టినట్టే.

నా లెక్కనీ నమ్మొద్దని, నిరుడు ఆ కోర్సులు చదివినవాళ్ళని వెతికి అడగమన్నాను. "కష్టమా" అని కాదు, "వారానికి ఎన్ని గంటలు పట్టింది" అని. నలుగురు జవాబిచ్చారు. ప్రోగ్రామింగుకి మేము 9 గంటలు వేసుకుంటే, 14కి తక్కువ ఒక్కరూ చెప్పలేదు.

ఏది వదలాలో వాడే తేల్చుకున్నాడు. తర్వాతి కోర్సులకి పునాది కానిది, ఇంకో సెమిస్టరులో తీసుకోగలిగేది ఖగోళశాస్త్రం. అదే పోయింది. నాకు మనసు చివుక్కుమంది, కానీ లెక్క లెక్కే.

అక్టోబరులో ఫోన్ చేశాడు. ఫిజిక్స్ మొదటి పరీక్ష పాడైంది, గొంతు బరువుగా ఉంది. "గంటలున్నాయా?" అని అడిగాను. ఉన్నాయన్నాడు. ప్రొఫెసరు దగ్గరికి వారం వారం వెళ్ళి సందేహాలు అడిగాడు, వదలకుండానే గట్టెక్కాడు. స్కాలర్‌షిప్ నిలిచింది. తర్వాతి సెమిస్టరులో ఖగోళశాస్త్రం తీసుకున్నాడు.

దీంతో నా మాట రుజువైందని అనను. 18 తీసుకున్నా నెగ్గేవాడేమో. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం చేస్తే నాకూ సిద్ధాంతిగారికీ తేడా ఏముంది? మా అన్నయ్య ఇప్పటికీ ఇదంతా బుధుడి చలవే అంటాడు. నేను వాదించడం మానేశాను.

మిత్రులకి నేను చెప్పేది ఒక్కటే. జాతకాన్ని ప్రశ్నించడం మనకి అలవాటే. "మా వాడు తెలివైనవాడు, చేసేస్తాడు" అనే మాటని కూడా అలాగే ప్రశ్నించాలి. పిల్లల్ని పంపేముందు ఒక కాగితం మీద 168 రాసి, కూర్చుని లెక్క వేయండి.