టెన్నిస్ తొలి పాఠాలు: పర్సనల్ కోచింగా, బ్యాచా?

టెన్నిస్ కొత్తగా నేర్చుకోవాలనుకునేవారి ముందు రెండు దారులు ఉంటాయి. కోచ్ సమయమంతా ఒక్కరికే దక్కేది పర్సనల్ కోచింగ్. ఒక కోచ్ దగ్గర నలుగురో, ఆరుగురో, అంతకంటే ఎక్కువ మందో కలిసి నేర్చుకునేది గ్రూప్ కోచింగ్. మన ఊళ్లలో దాన్నే బ్యాచ్ అంటారు. ఫీజులో తేడా పెద్దది కాబట్టి చాలామంది అక్కడే ఆలోచన ఆపేస్తారు. డబ్బు ఎక్కువ పెడితే ఆట త్వరగా వస్తుందని కొందరు, నలుగురితో కలిస్తే ఎలాగో వస్తుందని మరికొందరు అనుకుంటారు. రెండూ సగం నిజాలే. ఏ పద్ధతి ఏం నేర్పుతుందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది.

ముందు, నేర్చుకోవలసింది ఏమిటో చూడాలి. టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు, సింగిల్స్‌కు వెడల్పు 8.23 మీటర్లు. మధ్యలో నెట్ ఎత్తు 91.4 సెంటీమీటర్లు. ఇంత స్థలంలో ఎదుటివారు కొట్టిన బంతి ఎక్కడ పడుతుందో పసిగట్టాలి, అక్కడికి చేరాలి, సరైన దూరంలో నిలబడాలి, రాకెట్ తిప్పాలి, బంతిని నెట్ దాటించి గీతల లోపల పడేయాలి. ఇందులో రాకెట్ తిప్పడం ఒక భాగం మాత్రమే. బంతిని చదవడం, కాళ్లు కదపడం మిగతా భాగం. మొదటిదానికి కోచ్ కన్ను కావాలి. రెండోదానికి రకరకాల బంతులు కావాలి.

పర్సనల్ కోచింగ్ బలమంతా కోచ్ కన్నులోనే ఉంది. కొత్తవారు రాకెట్‌ను సాధారణంగా పిడికిలి బిగించి, చేతికి ఎలా వస్తే అలా పట్టుకుంటారు. సర్వ్‌కూ, వాలీకీ (బంతి నేలను తాకకముందే కొట్టడానికీ) కాంటినెంటల్ అనే గ్రిప్ కావాలి. ఫోర్‌హ్యాండ్‌కు ఈస్టర్న్ లేదా సెమీ వెస్టర్న్ నప్పుతుంది. కుదిరిన చేతిరాతను తర్వాత మార్చుకోవడం ఎంత కష్టమో, అలవాటైన గ్రిప్‌ను మార్చుకోవడమూ అంతే. ఎదురుగా ఒక్కరే ఉన్నప్పుడు కోచ్ ఆ తప్పును మొదటిరోజే పట్టుకుంటాడు. సర్వ్ సంగతీ ఇదే. ఆటలో ఎదుటివారి బంతితో నిమిత్తం లేకుండా ఆడేది సర్వ్ ఒక్కటే. బంతిని పైకి వదిలే చేయి, మోకాళ్ల వంపు, భుజం తిరగడం, బంతిని తాకే ఎత్తు, అన్నీ ఒక వరుసలో కుదరాలి. ఆ వరుస ఎక్కడ తెగిందో చూడటానికి పక్కన నిలబడి గమనించే మనిషి ఉండాలి.

బంతుల లెక్క కూడా పర్సనల్ కోచింగ్ వైపే మొగ్గుతుంది. కోచ్ బుట్టలోంచి నాలుగు సెకన్లకు ఒక బంతి అందిస్తున్నాడనుకుంటే నిమిషానికి 15 బంతులు. ఆరుగురు వరుసలో నిలబడితే ఒక్కొక్కరికి నిమిషానికి రెండున్నర బంతులే దక్కుతాయి. మిగతా సమయమంతా నిరీక్షణే. అదే ఒక్కరే ఉంటే 15 బంతులూ వారివే. అయితే కొత్తగా వచ్చినవారి శరీరం గంటసేపు ఆ వేగాన్ని తట్టుకోదు. అలసిన కాళ్లు బంతి దగ్గరకు ఆలస్యంగా చేరతాయి, కొట్టే తీరు చెడుతుంది. అందుకే మొదట్లో గంట పర్సనల్ క్లాసు కన్నా అరగంట క్లాసే మేలు.

ఈ పద్ధతికి మరో పరిమితి ఉంది. కోచ్ ఎప్పుడూ నడుము ఎత్తుకే, ఒకే వేగంతో బంతి అందిస్తూ పోతే ఫోర్‌హ్యాండ్ చూస్తుండగానే బాగుపడినట్టు కనిపిస్తుంది. ఆటలోకి దిగగానే అది మాయమవుతుంది. దీనికి కారణం పరిశోధనల్లో దొరుకుతుంది. 1979లో జాన్ షియా, రాబిన్ మోర్గాన్ చేతి కదలికలపై ఒక ప్రయోగం చేశారు. ఒక్కో కదలికను విడిగా, వరుసగా సాధన చేసినవారు సాధన సమయంలో బాగా రాణించారు. కదలికలను కలగలిపి సాధన చేసినవారు తడబడ్డారు, కానీ తర్వాత పెట్టిన పరీక్షలో వారే మెరుగ్గా నిలిచారు. ప్రతి ప్రయత్నానికీ ఎవరో ఒకరు తప్పొప్పులు చెబుతూ ఉంటే నేర్చుకునేవారు ఆ మాటపైనే ఆధారపడిపోతారని సాల్మోని, ష్మిట్, వాల్టర్ 1984లో వివరించారు. మంచి కోచ్ అందుకే కొన్నిసార్లు మాట్లాడకుండా ఊరుకుంటాడు.

బంతుల్లో వైవిధ్యం లేని ఈ లోటును సరిగ్గా పూరించేది బ్యాచ్. తోటివారి బంతుల్లో ఒకటి పొట్టిగా పడుతుంది, ఒకటి పక్కకు పోతుంది, ఇంకొకటి తలపైకి లేస్తుంది. వాటి వెంట పరుగెత్తడమే అసలైన టెన్నిస్. పాయింట్లు లెక్కపెట్టడం, సర్వ్ వంతులు, డబుల్స్‌లో ఎవరి బంతి ఎవరు తీసుకోవాలన్నది ఆడుతూ ఉంటేనే వంటపడతాయి. వరుసలో నిలబడిన సమయమూ పూర్తిగా వృథా కాదు. తనలాంటి మరొకరు చేసే తప్పునూ, కోచ్ దాన్ని సరిదిద్దే తీరునూ శ్రద్ధగా చూసేవారు కొంత పాఠం అక్కడే నేర్చుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, క్లాసు అయ్యాక ఆడుకోవడానికి తోడు దొరుకుతుంది. టెన్నిస్ మానేసేవారిలో చాలామందికి కొరవడేది ఆ తోడే.

బ్యాచ్ చెడిపోయేది సంఖ్య వల్ల, స్థాయిల కలగాపులగం వల్ల. ఒక కోర్టు మీద పది మంది, అందులో ముగ్గురు రెండేళ్లుగా ఆడుతున్నవారు, ఇద్దరు నిన్న చేరినవారు అయితే ఎవరికీ న్యాయం జరగదు. వేసవి సెలవుల్లో స్టేడియాల్లో నడిచే సమ్మర్ క్యాంపుల్లో ఈ ఇబ్బంది తరచూ కనిపిస్తుంది. పిల్లలకు ఆట రుచి చూపడానికి క్యాంపు మంచిదే, గ్రిప్ దిద్దుకోవడానికి మాత్రం చాలదు.

పిల్లల విషయంలో బ్యాచ్‌దే పైచేయి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2007లో మొదలుపెట్టిన కార్యక్రమం ఉద్దేశమే మొదటి పాఠం నుంచి సర్వ్ చేయించడం, ర్యాలీ ఆడించడం, స్కోరు లెక్కపెట్టించడం. ఇందుకు మూడు రకాల మెత్తని బంతులు వాడతారు. మామూలు పసుపు బంతితో పోలిస్తే ఎర్ర బంతి వేగం 75 శాతం, నారింజ బంతి 50 శాతం, ఆకుపచ్చ బంతి 25 శాతం తక్కువ. ఎర్ర బంతికి కోర్టు పొడవు 11 మీటర్లు, నారింజకు 18 మీటర్లు. పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడరాదన్న నిబంధన 2012 నుంచి అమల్లో ఉంది. ఒక పెద్ద కోర్టు మీద ఇలాంటి చిన్న కోర్టులు గీస్తే ఎనిమిది మంది పిల్లలు ఏకకాలంలో ఆడవచ్చు, నిరీక్షణ ఉండదు. ఆరేళ్ల పిల్లవాడికి పసుపు బంతి, పూర్తి కోర్టు, గంటసేపు పర్సనల్ కోచింగ్ ఏర్పాటు చేయడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

పెద్దవాళ్ల సంగతి వేరు. ముప్పై దాటాక రాకెట్ పట్టినవారికి తప్పుడు అలవాటు మోచేతి నొప్పిగా మారే ప్రమాదం ఉంది. బంతిని ఆలస్యంగా, మణికట్టుతో, బిగించిన చేత్తో కొట్టడం ఇందుకు దారితీస్తుంది. కాబట్టి వీరు మొదట మూడు నాలుగు పర్సనల్ క్లాసులతో గ్రిప్, నిలబడే తీరు, సర్వ్ ఆరంభం సరిచేసుకుని, ఆ తర్వాత బ్యాచ్‌లో చేరడం క్షేమం.

రెండింటికీ నడుమ మూడో దారి ఉంది: ఇద్దరు కలిసి ఒక కోచ్‌ను కుదుర్చుకోవడం. ఫీజు సగమవుతుంది, కోచ్ కన్ను తప్పిపోదు, బంతి తోటి మనిషి నుంచే వస్తుంది. కాలిఫోర్నియాలోని కాంప్టన్ పబ్లిక్ కోర్టుల్లో వీనస్, సెరీనా విలియమ్స్ తండ్రి దగ్గర పక్కపక్కనే నేర్చుకున్నారు. లియాండర్ పేస్ మద్రాసులోని అమృతరాజ్ అకాడమీలో తోటి కుర్రాళ్ల మధ్య ఎదిగాడు. గొప్ప ఆటగాళ్లకైనా ఆడటానికి తోడు కావలసివచ్చింది.

ఫీజు కట్టేముందు ఒక క్లాసును గట్టు మీద కూర్చుని చూడాలి. ఒక్కొక్కరు ఎన్ని బంతులు కొడుతున్నారు, కోచ్ పేరు పెట్టి పిలిచి ఎంతమందిని సరిదిద్దుతున్నాడు, క్లాసు చివర పాయింట్లు ఆడిస్తున్నాడా అన్నవి గమనించాలి. కోర్టుకు నలుగురికి మించని, ఒకే స్థాయివారున్న బ్యాచ్ దొరికితే కొత్తవారిలో ఎక్కువమందికి అదే సరైన చోటు. గ్రిప్, సర్వ్, వదలని ఒక తప్పు, వీటి కోసం అప్పుడప్పుడు పర్సనల్ క్లాసు తీసుకుంటే చాలు.