చదివి వినిపించమని అడగండి

సోలాపూర్ మిల్లులో వైండింగ్ ఖాతాలో ఇరవై ఏళ్లు పనిచేసినదాన్ని నేను. చదివింది నాలుగో తరగతి. మన ఇళ్లల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు కనుక నేనే రాస్తున్నా.

కొన్నేళ్ల కింద మా గల్లీలో ఒక ఆడబిడ్డ మీద అత్యాచారం జరిగింది. ఆమె పేరు రాయను. రాయకూడదని చట్టమే ఉంది. తల్లి భయపడితే నేను తోడు పోయిన. మొదటి చౌకీలో "ఇది మా హద్దు కాదు" అన్నారు. రెండో చోట "అంత రాత్రి బయట ఏం పని?" అన్నారు. రెండో పాళీ దిగి వచ్చే పిల్లను అడిగే మాటేనా అది? పిల్ల తెలుగులో చెప్పింది, జమాదారు మరాఠీలో రాసుకుని సంతకం పెట్టమన్నాడు. "చదివి చెప్పండి సాబ్" అని నేను పట్టుబట్టిన. చూస్తే, వాడు నోరు మూసిన సంగతి అందులో లేనే లేదు. మళ్లీ రాయించినం.

ఒక్క మాటే కదా అనుకోవద్దు. మన మహారాష్ట్రలోనే 1972లో దేశాయిగంజ్ ఠాణాలో మథుర అనే ఆదివాసీ పిల్లను పోలీసులే పాడుచేశారని కేసు నడిచింది. ఒంటి మీద గాయాలు లేవు, అరవలేదు అని సుప్రీంకోర్టు 1978లో ఇద్దరినీ వదిలేసింది. 1979లో నలుగురు లా పంతుళ్లు కోర్టుకు బహిరంగ లేఖ రాశారు. ఆడవాళ్లు రోడ్డెక్కారు. 1983లో చట్టం మారింది. ఢిల్లీ ఘోరం తర్వాత 2013లో ఇంకా మారింది.

ఇప్పుడు హద్దు ఎవరిదైనా ఫిర్యాదు రాసుకోవాల్సిందే, జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. రాసుకోని పోలీసుకు జైలు ఉంది. ఆడ ఆఫీసరే రాసుకోవాలి, చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. సర్కారు దవాఖానా అయినా ప్రైవేటు అయినా పైసా అడగకుండా వైద్యం చేయాలి. రెండు వేళ్ల పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. ఆడవాళ్లకు వకీలు ఉచితం. జిల్లా లీగల్ సర్వీసెస్ ఆఫీసులో అడగాలి.

కాగితం మీద ఇంత ఉంది. ఆ పిల్లకు మాత్రం తారీఖు మీద తారీఖు. ప్రతి తారీఖుకు ఒక రోజు కూలి పోతుంది. కోర్టు వరండాలో వాడి మనుషులు ఎదురుగానే కూచుని గుడ్లురుముతారు. ఇలాంటి సాక్షులకు ప్రతి జిల్లాలో విడి గదులు ఉండాలని 2018లో సుప్రీంకోర్టే అన్నది. అవి మాకు కావాలి. తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన మనిషి పక్కన కావాలి.

అదంతా వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. అలాంటి తల్లి మీ తలుపు తడితే, "పరువు పోతది, ఊరుకో" అనకండి. చెప్పులు వేసుకుని వెంట నడవండి.