క్యాలెండరులో ఎర్ర చుక్కలు

మా అక్కయ్య చిత్తూరులో ఉంటుంది. వాళ్ళ వంటింటి గోడకు ఏటా తిరుమల దేవస్థానం వారి క్యాలెండరు వేలాడుతుంది. పాలు పోయని రోజులూ, గ్యాసు బండ వచ్చిన తేదీలూ అన్నీ దాని మీదే. ఒకసారి వెళ్ళినప్పుడు కొన్ని తేదీల పక్కన ఎర్ర చుక్కలు కనిపించాయి. నెలకు నాలుగో, అయిదో. ఏమిటివని అడిగాను.

"నొప్పి వచ్చిన దినాలు మే. మనుషులకు చెప్తే వినరు గదా, దానికన్నా చెప్పుకుంటా ఉండా" అని నవ్వింది.

ఆ నొప్పి కడుపు లోపలిది కాదు, కడుపు మీదిది. రెండో కాన్పు ఆపరేషనుతో జరిగింది. రెండేళ్ళ తర్వాత ఆ కోత మచ్చకు ఒక కొసన ఉసిరికాయంత గడ్డ తేలింది. కొన్నాళ్ళు చెయ్యి తగలనివ్వనంతగా సలిపేది, మళ్ళీ తనంతట తానే అణిగేది. ఒక వైద్యుడు కుట్టు దగ్గర చీము పట్టిందన్నాడు. ఇంకొకరు హెర్నియా అన్నారు. మూడోవారు ఏమీ లేదు, అంతా మనసులోదే అన్నారు. ఆ మూడో మాటే ఇంట్లో అందరికీ నచ్చింది. పండగపూట ఆమె పడుకుని ఉంటే పని తప్పించుకోవడానికే అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ సంగతి రాయకుండా మిగతాది రాయడం న్యాయం కాదు.

అయిదేళ్ళ తర్వాత తిరుపతిలో ఒక వైద్యురాలు గడ్డను తాకకముందే, "ఏయే రోజుల్లో వస్తుందమ్మా?" అని అడిగింది. అక్కయ్య సంచిలోంచి చుట్టిపెట్టిన క్యాలెండరు తీసింది. ఆవిడ నాలుగు ఆకులు తిప్పి, "ఇవన్నీ నీ నెలసరి రోజులే కదా!" అంది.

ఆపరేషను సమయంలో గర్భాశయం లోపలి పొరకు చెందిన కణాలు కొన్ని కోత దారిలో చిక్కుకుని, కడుపు గోడలోనే వేళ్ళూనుకుంటాయట. పరాయిచోట ఉన్నా అవి పుట్టింటి ఆచారం మరువవు. నెలనెలా ఉబ్బుతాయి, నెత్తురు ఊరుతుంది, బయటికి పోయే దారి ఉండదు. దీన్ని కడుపు గోడ ఎండోమెట్రియోసిస్ అంటారు. ఆపరేషను కాన్పు అయినవారిలో నూటికి ఒకరికి కూడా రాదు. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషనుతోనే జరిగాయి. కాబట్టి అరుదైనదే అయినా, అలాంటివారు కొద్దిమందే ఉంటారని అనుకోలేం.

అక్కయ్యకు ఆ గడ్డను, చుట్టూ సెంటీమీటరు మేర మంచి కండతో సహా కోసి తీశారు. ఆ ఖాళీలో మెష్ అనే వల కుట్టారు. మూడు నెలలు నీళ్ళ బిందె ఎత్తలేదు. నొప్పి మాత్రం పోయింది.

ఈమధ్య ఇదే గడ్డకు కోత లేని చికిత్స ఒకటి ఉందని చదివాను. పేరు క్రయోఅబ్లేషన్. గత పదేళ్ళకు పైగా ఫ్రాన్సు వైద్యులు దీని గురించి రాస్తున్నారు. స్కానింగులో చూస్తూ సన్నటి సూదిని గడ్డలోకి దించుతారు. సూది లోపల ఆర్గాన్ వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి, కొన చుట్టూ మంచుముద్ద కడుతుంది. గడ్డను గడ్డకట్టించి, కరగనిచ్చి, మళ్ళీ గడ్డకట్టిస్తారు. సున్నాకు దిగువన 40 డిగ్రీల చలికి ఆ కణాలు చచ్చిపోతాయి. మంచుముద్ద ఎంతవరకు పెరిగిందో స్కానింగులో కనిపిస్తుంది కనుక చర్మాన్నీ, పేగులనూ కాపాడుకోవచ్చు. చాలామంది ఆరోజో మర్నాడో ఇంటికి వెళ్తారు. అయితే ఇంతవరకు చేయించుకున్నవారు తక్కువ. గడ్డ బయటికి రాదు కనుక అది ఏమిటో ముందే ముక్క తీసి పరీక్షించి నిర్ధారించుకోవాలి. నేటికీ ఎక్కువచోట్ల కోతే చికిత్స.

చలితో వైద్యం మరీ కొత్తదేమీ కాదు. 1850 ప్రాంతంలోనే జేమ్స్ ఆర్నాట్ అనే వైద్యుడు ఐసూ ఉప్పూ కలిపి పైకి కనిపించే క్యాన్సరు పుండ్లను గడ్డకట్టించి చూశాడు. మన వీధిలో కుల్ఫీ అమ్మే అతని కుండలో ఉన్న సూత్రమే అది.

ఇదంతా అక్కయ్యకు ఫోనులో ఉత్సాహంగా చెప్పాను. అప్పుడే ఇది తెలిసి ఉంటే ఆ మూడు నెలల మంచం తప్పేదేమో అన్నాను. కాసేపు పలకలేదు.

"సూదైతే ఏమి, కత్తైతే ఏమి మే. మూడు నెలలు ఎట్లో గడిచిపోయ. ఎప్పుడెప్పుడు వస్తాదని ఆ అయిదేండ్లలో ఒకరన్నా అడిగినారా?"

నా దగ్గర జవాబు లేదు. అడగనివాళ్ళలో నేనూ ఒకదాన్ని.

మిత్రులారా, మీ ఇళ్ళలో ఎవరైనా కోత మచ్చ దగ్గర నొప్పి అంటే ఎంత నొప్పి అని ఆగిపోకండి. ఎప్పుడు వస్తోందని కూడా అడగండి. ఆ ప్రశ్నకు ఆర్గాన్ వాయువు అక్కరలేదు, స్కానింగూ అక్కరలేదు. గోడ మీది క్యాలెండరు చాలు.