గోదారికి అవతలి గట్టు

ఫొటోల పోటీకి జడ్జిగా రమ్మంటే రాజమహేంద్రవరం వెళ్లాను. ఒక ఫొటోకి అయిదుకి రెండు మార్కులు వేశాను. దాని గురించి ఓ మాట అని హాలంతా నవ్వించాను కూడా. మర్నాడు తెల్లవారుజామున కొవ్వూరు రేవులో నిలబడ్డాకగానీ తెలిసిరాలేదు... తప్పు ఫొటోలో లేదని!

హాల్లో లైట్లు ఆర్పేశారు. తెరమీద గోదారి. మీట నొక్కితే మళ్లీ గోదారి. ఇంకోసారి నొక్కితే ఇంకో గోదారి. వల విసురుతున్న జాలరి, హారతి వెలుగులో ఘాటు, పాపికొండల మధ్య లాంచీ, ఆర్చి వంతెన వెనక ఎర్రటి సూర్యుడు. మధ్యమధ్యలో కడియం బంతిపూలు, కోనసీమ ప్రభల తీర్థం, కోరింగ మడ అడవుల్లో కొంగలు. మొత్తం 140 దాకా ఎంట్రీలు. పంపినవాళ్లలో ఫొటోలు తీసి బతికేవాళ్లు ఒక్కరూ లేరు. బ్యాంకు ఉద్యోగి, పళ్ల డాక్టరు, నర్సరీ యజమాని, లెక్కల మాస్టారు... ఆదివారం వస్తే కెమెరా సంచీ భుజాన వేసుకుని గట్టు వెంట తిరిగేవాళ్లే అంతా.

జడ్జీలం ముగ్గురం. ఒకరు రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఇంకొకరు ముప్ఫై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్న పెద్దాయన. మూడో కుర్చీ నాది. ఆదివారం అనుబంధంలో ఊళ్ల గురించి రాస్తాను కాబట్టి ఫొటోల గురించీ తెలుస్తుందని క్లబ్బువాళ్ల నమ్మకం!

మార్కులు ఎలా పడతాయంటే...

ఈ పోటీలకో పద్ధతి ఉంది. ఫొటోగ్రాఫర్ పేరు చెప్పరు. శీర్షిక ఒక్కటే చదువుతారు. మొదట అన్నిటినీ ఒకసారి గబగబా చూపిస్తారు. అప్పుడు మార్కులు వేయకూడదు. పోటీ ఏ స్థాయిలో ఉందో జడ్జికి అంచనా రావడానికే అది. లేకపోతే మొదట వచ్చిన ఫొటోకి ధారాళంగా వేసేసి, చివర్లో వచ్చిన మంచిదానికి పిసినారితనం చూపిస్తాం. రెండో విడతలో ఒక్కొక్కరూ అయిదుకి ఇన్నని వేయాలి. ముగ్గురివీ కలిపితే పదిహేనుకి ఎన్నో తేలుతుంది. పక్కవాళ్ల కాగితంలోకి తొంగి చూడకూడదు. తెలిసినవాళ్ల ఫొటో వస్తే ముందే చెప్పి తప్పుకోవాలి.

ఒక్కో ఫొటో తెరమీద ఉండేది పది, పదిహేను సెకన్లు. దానికోసం ఆ మనిషి ఎన్ని ఉదయాలు నిద్ర మానుకున్నాడో ఆ లెక్క తెరమీద కనిపించదు.

వందో ఫొటో దాటాక జడ్జి కళ్లు అలిసిపోతాయి. అప్పుడిక ఫొటోను చూడం, తప్పుల్ని వెతుకుతాం. నీటిగీత ఒరిగిందా? ముఖ్యమైన వస్తువు సరిగ్గా మధ్యలో పడిందా? మూలల్లో ఏదైనా అడ్డం ఉందా? ఇవన్నీ చూడాల్సినవే. కాదనను. కానీ వాటితోనే సరిపెట్టేస్తే జడ్జి అక్కర్లేదు, కొలబద్ద చాలు.

పక్షి గూడూ... స్నానాల రేవూ...

కొన్ని ఫొటోల దగ్గర మాత్రం బండి ఆగింది. గూట్లో నోళ్లు తెరిచిన పిల్లలకి తల్లి పక్షి మేత పెడుతోంది. ఎంత స్పష్టంగా ఉందో! స్టూడియో పెద్దాయన తలూపారు. డ్రాయింగు మాస్టారు మాత్రం ‘ఆకులేవీ?’ అన్నారు. నిజమే, గూడు చుట్టూ ఒక్క ఆకు లేదు. కొమ్మల చివర్లు తెల్లగా, కొత్తగా తెగి ఉన్నాయి. ఫొటో కోసం గూటికి ఉన్న మరుగు తీసేస్తే పిల్లలు ఎండకి మాడతాయి, కాకుల కంట్లో పడతాయి. ‘ఫొటో బావుంది... పిల్లలేమయ్యాయో!’ అన్నారు మాస్టారు. ముగ్గురం దాన్ని పక్కన పెట్టాం.

ప్రకృతి విభాగంలో ఏది చెల్లుతుందో ఏది చెల్లదో 2014లో మూడు అంతర్జాతీయ సంస్థలు కలిసి ఒకే నిర్వచనం రాసుకున్నాయి. అమెరికా ఫొటోగ్రాఫిక్ సొసైటీ, బ్రిటన్ రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ, ‘ఫియాప్’ అని పిలిచే అంతర్జాతీయ సమాఖ్య. తీసిన ఫొటోలో లేనిది చేర్చకూడదు, ఉన్నది చెరపకూడదు అన్నది అందులో ముఖ్యం. మోసాలు పెద్ద పోటీల్లోనూ జరిగాయి. లండన్‌లో ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్’గా 2009లో గెలిచిన ఫొటోలో కంచె దూకుతున్నది పెంపుడు తోడేలని తేల్చి, మరుసటేడు బహుమతి వెనక్కి తీసుకున్నారు. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు కృత్రిమ మేధతో తయారుచేసిన బొమ్మ సోనీ పోటీలో ఒక విభాగంలో గెలిచింది. ‘ఇది ఫొటోనే కాదు’ అంటూ బహుమతిని ఆయనే వద్దన్నాడు. మరుసటేడు తిరకాసు. మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ తాను కెమెరాతో తీసిన రాజహంస ఫొటోని కృత్రిమ మేధ విభాగానికి పంపితే దానికీ బహుమతులొచ్చాయి. అసలైన ఫొటో అని చెప్పాక వాటిని రద్దు చేశారు!

స్నానాల రేవు ఫొటోలు ఇంకో చిక్కు. పుణ్యానికి మునిగే ఆడవాళ్లని దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసినవి నాలుగైదు వచ్చాయి. వెలుగు బావుండొచ్చు, రంగులు బావుండొచ్చు. ‘వాళ్లని అడిగి తీశారా?’ అని అడిగాం. జవాబు రాలేదు. మార్కులూ పడలేదు.

ఇంత జాగ్రత్తగా ఉన్నాం కదా అన్న ధీమాలో ఉండగానే వచ్చింది ఆ ఫొటో.

‘తెల్లారింది’

శీర్షిక అదే. ఆర్చి వంతెన కమానుల మధ్య ఎర్రటి సూర్యుడు. నీటిమీద పల్చటి మంచు. మెట్లమీద గొంతుక్కూర్చుని ముఖం కడుక్కుంటున్న ఓ కుర్రాడు. పక్కనే గోడకి ఆనించిన సైకిలు. సైకిలు వెనక, కింది మూలలో, ఏదో చీకటి ముద్ద.

రెండు వేశాను. మార్కుల తర్వాత జడ్జీలు మాట్లాడాలి. ఎంపిక కానివాటి గురించీ చెప్పమన్నారు కార్యదర్శి. నా వంతు వచ్చింది.

‘రాజమండ్రి గోదారికి తూర్పు గట్టున ఉంది. ఘాటులో కూర్చుంటే మన ముఖం పడమటికి ఉంటుంది. ఇక్కడ గోదారిలో సూర్యుడు మునుగుతాడే తప్ప లేవడు. ఈ ఫొటోగ్రాఫర్‌గారికి మాత్రం సాయంత్రం ఆరింటికి తెల్లారినట్టుంది!’

హాలు ఘొల్లుమంది. ఆ ఊపులో ఇంకోమాట కూడా అన్నాను. ‘మూల ఉన్న ఆ నల్లముద్దని కత్తిరించేస్తే బావుండేది.’

డ్రాయింగు మాస్టారి పద్ధతి వేరు. ఏ ఫొటో వచ్చినా ముందు అందులో ఏమున్నాయో వరసగా చెబుతారు. ‘ఒక పడవ. రెండు తెడ్లు. ఒక్కడే మనిషి. రెండో తెడ్డు ఎవరిదో మరి’ అంటారు. ఆ తర్వాత బావున్నదేదో చెబుతారు. చివర్లో మార్చుకోవాల్సింది ఒక్కటంటే ఒక్కటే చెబుతారు. ‘అన్నీ చెబితే ఏదీ పట్టించుకోరండీ’ అన్నారు, టీ తాగుతూ. ఇలా అయితే భోజనాల వేళ దాటిపోతుందే అని నేను విసుక్కున్నాను, మనసులో.

కార్యక్రమం అయ్యాక గుమ్మం దగ్గర ఓ మనిషి నిలబడి ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి.

‘సార్, రేపొద్దున ఓ గంట ఖాళీ ఉంటదాండీ?’

‘ఎందుకండీ?’

‘ఏం లేదండి... మాది కొవ్వూరండి. అక్కడ టీ బావుంటదండి. ఓసారి వద్దురుగాని.’

అవతలి గట్టు...

అయిదున్నరకే బైకుతో హోటల్ ముందున్నాడు. రోడ్డు కం రైలు వంతెన ఎక్కాం. 1974 నాటిది. పైన మనం, కింద రైళ్లు. గూడ్సు బండి పోతుంటే కాళ్ల కింద వంతెన సన్నగా వణికింది. కుడా ఎడమా అని చూడటానికి లేదు, మంచు. మధ్యకి వచ్చేసరికి దిగువన ఆర్చి వంతెన కమానులు మంచులోంచి ఒక్కొక్కటీ తేలాయి. అది 1997లో పూర్తయింది. దాని పక్కనే ముసలి హేవ్‌లాక్ వంతెన. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్లు నడిపారు. నూరేళ్ల దాకా మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది.

నాలుగు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ వంతెన దిగితే కొవ్వూరు. ఒకప్పుడు ఇది పశ్చిమ గోదావరి. 2022లో జిల్లాలు మారాక ఇదీ తూర్పు గోదావరిలోకే వచ్చింది. జిల్లా మారిందిగానీ గట్టు మారదుగా! ఇది పడమటి గట్టు.

రేవులో మెట్లు దిగాం. ముఖం తూర్పుకి. ఎదురుగా, నీళ్లకి అవతల, రాజమండ్రి ఇంకా మసకలోనే ఉంది. ఎవరం ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి ఆ ఊరి మేడల మీద ఆకాశం పలచబడింది. తర్వాత ఎరుపెక్కింది. సూర్యుడు లేచాడు... సరిగ్గా నిన్న తెరమీద చూసినట్టు, గోదారికి అవతల!

నా ముఖం ఎలా ఉందో నాకు తెలీదు. అతను మాత్రం అటు చూడకుండా ఫోను తీశాడు. అదే ఫొటో. వెలుతురు కాస్త పెంచి, కింది మూలని పెద్దది చేసి చూపించాడు. నిన్నటి నల్లముద్ద పేపరు కట్ట! సైకిలు క్యారియర్ మీద తాడుతో కట్టిన దినపత్రికలు. పైగా అది ఆదివారం. కట్ట అంచులోంచి లోపలి అనుబంధం పుస్తకాలు బయటికి కనిపిస్తున్నాయి.

పదేళ్లకి పైగా పత్రికలో పనిచేస్తున్నాను. కత్తిరించమన్నది దాన్నే!

‘నిన్న హాల్లోనే చెప్పొచ్చు కదండీ?’

‘జడ్జిగారు మాట్లాడతా ఉంటే మధ్యలో ఎలాగండి. అదీగాక ఆ ప్రొజెక్టరులో నాకే కనపడలేదండి. నల్లగానే ఉంది.’

‘ఈ కుర్రాడు?’

‘మా వీధేనండి. ఇప్పుడు పేపరు మానేశాడు. పాలిటెక్నిక్‌లో చేరాడు.’

అతనికి మోటార్లు వైండింగు చేసే చిన్న షాపుంది. సెకండ్‌హ్యాండ్ కెమెరా. ఈ మెట్ల మీదకి పదకొండు ఆదివారాలు వచ్చాడట. కుర్రాడు వచ్చినరోజు మంచు లేదు, మంచున్న రోజు కుర్రాడు రాలేదు. పన్నెండో ఆదివారం రెండూ కలిశాయి.

‘రాత్రి ఇంటికెళ్లాక మా ఆవిడ అడిగిందండి, ఏమన్నారూ అని.’

‘ఏం చెప్పారు?’

‘బావుందన్నారని చెప్పానండి.’

టీ నిజంగానే బావుంది. గొంతు దిగడమే కాస్త కష్టమైంది.

చూసినవాళ్లు చెప్పిన మాట...

తిరిగొచ్చాక, బహుమతుల సభకి ఇంకా టైముంటే గోదారి గట్టున ఉన్న దామెర్ల రామారావు చిత్రశాలకి వెళ్లాను. 1897లో పుట్టి 1925లోనే వెళ్లిపోయిన చిత్రకారుడు. ముప్ఫై ఏళ్లయినా నిండలేదు. గోదావరి పుష్కరాలను, తూర్పు కనుమలను గీసిన చెయ్యి. కుర్రతనంలో ఆయన గీసినవాటిని శ్రద్ధగా చూసిన మనిషి ఒకరున్నారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్, ఇంగ్లండు నుంచి వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే. తనూ బొమ్మలు గీసేవారు. ఈ కుర్రాడిలో విషయం ఉందని గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకి పంపించారు. అడివి బాపిరాజూ ఆయన శిష్యుడే. ఆ రోజున ఆయన ఒక నవ్వు నవ్వేసి ఊరుకుని ఉంటే ఈ గోడలమీద ఏముండేదో!

క్లబ్బు నియమాల ప్రకారం ఒకసారి వేసిన మార్కులు మార్చకూడదు. మార్చకూడదన్నదీ న్యాయమే. ఎవరొచ్చి బతిమాలినా మారుస్తారంటే ఇక పోటీ ఎందుకు? కాబట్టి ‘తెల్లారింది’కి బహుమతి రాలేదు. కానీ మైకు నా చేతికి వచ్చినప్పుడు, నిన్న నవ్వించినంత గట్టిగానే జరిగింది చెప్పాను. రాజమండ్రికి అవతలి గట్టు కూడా ఉందన్న సంగతి నాకు తట్టలేదన్నాను. కిటికీలకి దుప్పట్లు కట్టి, ప్రొజెక్టరు సరిచేసి ఆ ఫొటో మళ్లీ వేయమని అడిగాను. డ్రాయింగు మాస్టారిలాగే ఉన్నవి వరసగా చదివాను. వంతెన. సూర్యుడు. మంచు. కుర్రాడు. సైకిలు... అక్కడ ఆగాను.

‘పేపరు కట్ట!’ వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కాసేపాగి చప్పట్లు కొట్టారు.

వచ్చే ఏడాది నుంచి రెండు మార్పులు చేస్తామన్నారు క్లబ్బువాళ్లు. పోటీకి ముందు తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు మెట్లుగా ఉండే పట్టీ ఒకటి తెరమీద వేసి, చీకటి మెట్లన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకుంటారు. శీర్షికమీద అనుమానం వస్తే ఫొటో ఎక్కడ తీశారో పేరు బయటపెట్టకుండా కార్యదర్శి ద్వారా అడిగే వీలు జడ్జీలకి ఇస్తారు.

సాయంత్రం స్టేషన్‌కి అతనే దిగబెట్టాడు. బండి కదలబోతుంటే అడిగాను.

‘ఇంటికెళ్లి మీ ఆవిడకి ఏం చెబుతారు?’

‘చెప్పడానికేముందండి? బావుందన్నారని నిన్ననే చెప్పేశాను కదండీ!’