సెకండ్ హ్యాండ్ బండి

మా ఇంట్లోకి కొత్త బండి ఎప్పుడూ రాలేదు. దాదా తొక్కిన సైకిలు తోట ఆసామి కొడుకు తొక్కి వదిలేసింది. అబ్బా నడిపిన మోపెడ్డు, ఆ తర్వాత వచ్చిన జీపు, అమ్మీ కుట్టుమిషను, గోడ గడియారం - అన్నీ వేరేవాళ్ల ఇళ్లల్లో సగం వయసు గడిపి మా దగ్గరికొచ్చినవే. ఇందులో సిగ్గేం లేదు. పాతదాన్ని బతికించడం మా వాళ్లకు అన్నం పెట్టిన విద్య. నూజివీడులో మొదలుపెట్టి ఆగిరిపల్లి మీదుగా విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లి చూడండి. పంక్చరు వేసేవాడు, రేడియేటరు అతికేవాడు, సీట్లు కుట్టేవాడు, ఇంజను దించి మళ్లీ ఎక్కించేవాడు - వీళ్లల్లో సాయిబులు ఎంతమందో మీరే లెక్కపెట్టుకోండి. ఇంజను దగ్గర చెవి వొగ్గిన సాయిబు 'పర్లేదు' అంటే చాలు, లక్షల బేరం కుదిరిపోతుంది.

మా చేతిని లోకం అంతగా నమ్ముతుంది. మా సంతకాన్ని మాత్రం నమ్మదు. 2024 చివర్లో ఇంటికి వొక పాత బండి వెతకడం మొదలుపెట్టాక ఈ తేడా మాకు అడుగడుగునా తగిలింది.

బండి కొనడంలో కూడా ముస్లిం సంగతేనా అని మా సెక్యులర్ మిత్రులు నవ్వుతారు. ఇంజనుకి మతం వుందా అంటారు. లేదు. ఇంజనుకి లేదు. దాన్ని అమ్మేవాడికీ, అప్పిచ్చేవాడికీ, రోడ్డు మీద ఆపేవాడికీ మా పేరు కావాలి. పేరు చెప్పగానే మేం ఎవరిమో తెలిసిపోతుంది. అక్కణ్ణించి కథ మారుతుంది.

ముందు బండి ఎందుకో చెప్పాలి. మా వైపు మంచు అంటే సినిమాల్లో కనపడే హిమం కాదు. పుష్యమాసంలో తెల్లారుజామున తోటల మీద పరుచుకునే పొగమంచు. అదే రోజుల్లో మామిడి పూతకొస్తుంది. చలిరాత్రులకి పూత మీద బూడిద తెగులు, తేనెమంచు పురుగు వస్తాయి. ఆ పురుగు పూతలో రసం పీల్చి తేనెలాంటి జిగురు వదులుతుంది. ఆకులు నిగనిగలాడతాయి. ఆ జిగురు మీద మసి పడుతుంది. తోటని పూత మీదే గుత్తకి తీసుకున్నవాడికి ఆ నిగనిగ చూస్తే గుండె జారిపోతుంది. మా అబ్బా, చాచా గుత్తదార్లు. పూత చూసి డబ్బు కట్టి, ఎండాకాలంలో చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు కోయించి నున్న మార్కెట్టుకి తోలతారు. మేం పత్రికాఫీసులో రాతపని చేసుకుంటున్నా ఇంటి గింజలు తోటవే. కాబట్టి మంచులో తోటకి పోవాలి. వానాకాలం తోటల్లో బురద దాటాలి. అమ్మీని మోకాళ్ల డాక్టరు దగ్గరికి విజయవాడ తీసుకెళ్లాలి. పెళ్లికీ మయ్యత్‌కీ ఏడుగురం వొక్కసారే కదలాలి. అన్నిటికీ వొకటే బండి.

మగవాళ్లం అరుగు మీద కూర్చుని పదిరోజులు మాట్లాడుకున్నాం. అబ్బాకి అంబాసడర్ మీద ప్రేమ. అది 2014లోనే ఆగిపోయింది. చాచా మారుతి ఓమ్ని అన్నాడు. కిందకి వుంటుంది, అమ్మీ సుళువుగా ఎక్కుతుంది, ఆ మాట నిజమే. కానీ దాని ఇంజను ముందు సీట్ల కింద వుంటుంది. ఎదర గుద్దితే కాళ్లకి అడ్డం రేకే. మంచులో ఎదురుగా లారీ వచ్చే దారిలో అది వద్దనుకున్నాం. 2019లో అదీ ఆగిపోయింది. ఈకో చూశాం. టౌను రోడ్డుకి బాగానే వుంది, తోటల్లో బురదకి కింద తగులుతుంది. టాటా సుమోలు చూశాం. మంచివన్నీ ముసలివై పోయాయి. చివరికి మహీంద్రా బొలేరో దగ్గర ఆగాం. ఎత్తు వుంది. లారీకి లాగా కింద గట్టి ఫ్రేము. వెనక ఎదురెదురు సీట్లు. స్పేరు పార్టు దొరకని వూరు లేదు.

అప్పుడు వంటింట్లోంచి మా ఆపా వచ్చింది. ఆమె మండలంలో వొక బడిలో టీచరు. ఏడింటికల్లా ఇంటి నుంచి బయలుదేరాలి. "నడిపేదాన్ని నేను. నన్నెవరూ అడగరేం?" అంది. అరుగంతా నిశ్శబ్దం అయిపోయింది. నిజమే, లైసెన్సు వున్నది ఆమెకి. అబ్బాకి చూపు తగ్గింది. చాచాకి లారీ తోలడం వచ్చుగానీ పొద్దున్నే తోటలో వుంటాడు. ముస్లిం ఆడవాళ్ల గురించి బయటివాళ్లు మాట్లాడినప్పుడు మాకు రోషం వస్తుంది. మా అరుగు మీద మేం ఎట్లా మాట్లాడుకున్నామో కూడా రాయాలి గదా. ఆపా అడిగినవి నాలుగే: క్లచ్చి ఎంత బిగువు, సీటు ముందుకి జరుగుతుందా, వైపరు గీత పడకుండా తుడుస్తుందా, మంచు లైట్లు వున్నాయా. పదిరోజుల మా వాదంలో ఈ నాలుగూ రాలేదు.

సెకండ్ హ్యాండ్ బండిలో ఈసారి కొత్త భయం వొకటి వుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ వైపు పేటలు రోజుల తరబడి నీళ్లల్లో వున్నాయి. మనుషులతో పాటు బండ్లూ మునిగాయి. మునిగిన బండ్లని కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి జిల్లాలు దాటించేవాళ్లు వుంటారు. మా అబ్బా వాటిని పట్టుకునే పద్ధతి చెబుతాం, ఏ మతంవాళ్లకైనా పనికొస్తుంది. సీటు బెల్టుని ఆఖరిదాకా లాగాలి. లోపలి చివర బురద గీత వుంటుంది. దాన్ని ఎవరూ కడగరు. కాళ్ల కింద పట్టా ఎత్తి ఒండ్రు వుందేమో వేలితో రుద్దాలి. సీటు బిగించిన బోల్టుల తుప్పు చూడాలి. హెడ్‌లైటు అద్దం లోపల చెమ్మ చూడాలి. బందరు వైపు బండైతే ఉప్పుగాలికి అడుగు రేకు తిని వుంటుంది, పడుకుని చూడాలి. పొద్దున్నే ఇంజను చల్లగా వున్నప్పుడే స్టార్టు చేయించాలి. వేడిచేసి సిద్ధంగా పెట్టిన ఇంజను నిజం చెప్పదు. నీలం పొగ అయితే ఆయిలు తాగుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే నీళ్లు లోపలికి దిగుతున్నాయి. ఆయిలు మూత తీస్తే దాని అడుగున మీగడలాంటి నురగ వుంటే ఇక మాట్లాడకుండా ఇంటికొచ్చెయ్యాలి.

చికాగోలో వుంటున్న మా ఖాలా కొడుకు ఫోనులో ఇదంతా విని నవ్వాడు. అక్కడ చలికాలం రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారట. అతను పాత టయోటా సియెన్నా కొన్నప్పుడు మొదట చేసింది అడుగున పడుకుని తుప్పు చూడడమే. నాలుగు చక్రాలూ తిరిగేదీ, చలికి గట్టిపడని టైర్లున్నదీ ఏరుకున్నాడు. "బందరైనా చికాగో అయినా ఉప్పు చేసే పని వొకటే భాయ్" అన్నాడు.

ఆరు బండ్లు చూశాక ముసునూరు వైపు వొక రైతు దగ్గర 2015 బొలేరో నచ్చింది. అబ్బా చెవి వొగ్గాడు. ఆపా తోలి చూసి తలూపింది. నాలుగున్నర లక్షలకి బేరం కుదిరింది. మా దగ్గర మూడు వున్నాయి. మిగతాదానికి వొక ఫైనాన్సు కంపెనీకి వెళ్లాం. వడ్డీ హరామ్ అని అమ్మీ అంటూనే వుంది. వేరే దారి లేదని మేం అంటూనే వున్నాం. అక్కడి కుర్రాడు మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఆపా జీతం కాగితం చూశాడు. సర్కారు నౌకరీ, బాకీలు లేవు. బాగుందన్నాడు. తర్వాత ఆధార్ కార్డు తిప్పి అడ్రసు చదివాడు. మసీదు వీధి. లోపలికి వెళ్లి వచ్చాడు. "ఆ ఏరియాకి మా దగ్గర ఇవ్వడం లేదు మేడమ్" అన్నాడు. ఎందుకని అడిగితే సిస్టం తీసుకోవట్లేదన్నాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి చదువు చెప్తున్న మనిషి సంతకాన్ని వీధి పేరు కొట్టేసింది.

ఇది మా వొక్కరి అనుమానం అనుకోకండి. కేంద్రం 2005లో జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2006లో వచ్చిన ఆ నివేదికే రాసింది: ముస్లింలు ఎక్కువగా వుండే ప్రాంతాలు కొన్నింటిని అప్పు ఇవ్వదగని మండలాలుగా బ్యాంకులు గుర్తుపెట్టుకున్నాయని. చికాగో తమ్ముడికి చెప్తే అతనికి ఆశ్చర్యం వెయ్యలేదు. 1930లలో అమెరికాలో నల్లవాళ్ల పేటలకి పటం మీద ఎర్రరంగు పూసి ఇంటి అప్పులు ఆపేశారు. ఆ పటాల ముద్ర ఆ వూళ్ల మీద ఇప్పటికీ పోలేదన్నాడు. రంగు పూసిన పటం మాకెవరూ చూపించరు. సిస్టం అంటారు.

సంగతి విన్న రైతు "ఆ లక్షన్నరా కోతలప్పుడు ఇద్దురుగాని సాయిబు గారూ, తోలుకుపొండి" అన్నాడు అబ్బాతో. వడ్డీ మాట ఎత్తలేదు. పదేళ్లు ఆయన తోట గుత్తకి చేసిన సంబంధం అది. ఇది రాయకపోతే మేం చెప్పేదంతా అబద్ధం అవుతుంది. మనిషికీ మనిషికీ మధ్య మా మాట చెల్లుతూనే వుంది. కౌంటరు మధ్యలోకి వచ్చినప్పుడే చెల్లడం లేదు.

ఆయన డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి పటాన్ని తనే తీసి, కళ్లకద్దుకుని, జేబులో పెట్టుకున్నాడు. వెనక అద్దం మీద 'అమ్మ దీవెన' అన్న అక్షరాలు వుండిపోయాయి. బండి ఇంటికి రాగానే మా భాంజా బ్లేడు తెచ్చాడు. అది గీకేసి 786 రేడియం అంటిస్తానన్నాడు. అమ్మీ ఆపింది. "ఏ అమ్మదైతేనేం, దీవెనే గదా. వుండనీ" అంది. అబ్బా మాత్రం ఆ బ్లేడు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఎందుకో మాకు తెలుసు. 1992లో మా జీపు ముందద్దం మీద 786 వుండేది. పచ్చ రేడియం అక్షరాలు. డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చారు. మూడోరోజు తెల్లారుజామున అబ్బా బకెట్టు నీళ్లు, బ్లేడు పట్టుకుని జీపు దగ్గరికి వెళ్లాడు. మాకప్పుడు పన్నెండేళ్లు. ఎందుకు గీకుతున్నావని అడగలేదు, ఆయన చెప్పలేదు. నూజివీడులో మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. కానీ కాయ ఏ వూరు పోతుందో, జీపు ఏ రాత్రి ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు? అంకెలు పోయాయి గానీ జిగురు మరక పోలేదు. ఎండ పడ్డప్పుడల్లా ఏడు, ఎనిమిది, ఆరు అద్దంలో లీలగా కనపడేవి. ఆ జీపు అమ్మేదాకా కనపడ్డాయి.

ఇప్పటి బ్రోకర్లు 786 నంబరు ప్లేటుంటే మీవాళ్లు ఎక్కువిస్తారంటారు. ఆ నోటితోనే, మళ్లీ అమ్మేటప్పుడు వేరేవాళ్లు తీసుకోరు, ఆలోచించుకోండి అంటారు. తొమ్మిది కూడిక వచ్చే నంబరుకి ఎగబడే వూళ్లో మా నంబరు వొక్కటే ఆలోచించుకోవాల్సిన నంబరు. భాంజాకి ఇవన్నీ కోపం తెప్పిస్తాయి. మనం ఎందుకు దాక్కోవాలని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అబ్బా దగ్గర జవాబు లేదు, మా దగ్గరా లేదు. ఆపా అంది: "వెనక ఏమైనా రాసుకో. ముందద్దం మీద మాత్రం వద్దు. మంచులో అద్దం ఖాళీగా వుంటేనే దారి కనపడుద్ది." వాడు వెనక, 'అమ్మ దీవెన' పక్కనే, చిన్నగా 786 అంటించాడు.

కాగితాల దగ్గర మాత్రం మేం వొక్కమాట మీద వున్నాం. రైతు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చాడు. "మనలో మనకి తొందరేముంది, నెమ్మదిగా మార్పించుకోండి" అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. ఈ జిల్లాల్లో పేరు మార్చకుండా ఏళ్ల తరబడి తిరిగే బండ్లు ఎన్నో. చట్టం ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయాలి. ఎవరు పట్టించుకుంటారు? మేం పట్టించుకుంటాం. రాత్రిపూట ఆపి కాగితం అడిగినప్పుడు అందులో వొక పేరు, స్టీరింగు దగ్గర ఇంకో పేరు వుంటే, మిగతావాళ్లకి అది జరిమానా. మాకు అది ఎన్ని ప్రశ్నలవుతుందో చెప్పలేం. ఆ భయం అందరికీ వుండదు. మాకు వుంది.

పైగా మా పేర్లు. ఆపా పేరు ముందున్న షేక్ వొకచోట పూర్తిగా, ఇంకోచోట ఎస్.కె. అని, సర్టిఫికెట్టులో పేరు చివర, బ్యాంకులో అసలు లేకుండా. గుమాస్తా విన్నట్టు రాసుకున్నాడు, మేం సరేనన్నాం. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక మా వీధిలో ఇంటింటా ట్రంకు పెట్టెలు దిగాయి. తాతల పట్టాలు, బడి సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. అక్షరం తేడా వొస్తే ఏమవుతుందోనని చదువురాని ముసలివాళ్లు కాగితాలు పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. వాళ్లకి చదివి చెప్పినవాళ్లం, మా బండి కాగితంలో అక్షరం పోనిస్తామా?

చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాం. ఇన్సూరెన్సు ఆపా పేరుకి మార్పించాం. పాత చలాన్లు రెండు మేమే కట్టేశాం. ఫారాల మీద పేరు ఆధార్‌లో వున్నట్టే, వొక్కో అక్షరం వేలుపెట్టి చూసుకుని రాశాం.

కొన్ని రోజులకి ఆర్‌సీ కార్డు పోస్టులో వచ్చింది. ఓనరు గడిలో ఆపా పేరు. షేక్ పూర్తిగా వుంది, ముందే వుంది. అమ్మీకి చదవడం రాదు. "సరిగ్గా వుందా?" అని మూడుసార్లు అడిగింది. వుందన్నాం. అప్పుడు వజూ చేసుకుని రెండు రకాతులు షుక్రానా నమాజు చదివింది. బండి వచ్చినరోజు చదవలేదు.