మా అత్తగారి కాకి కథ

శంషాబాదులో కాపురమంటే మాటిమాటికీ మాట ఆపుకోవడమే. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచిన నాటినుంచీ మా ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ వాక్యానికి విరామం పెట్టేది విమానమే.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య సంఘంలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సగంమంది ఆడవాళ్ళు కావాలి. పాపం, నాయనమ్మల ఊసు మరిచారు! ఆ లోటు మా అత్తగారు తీర్చారు. "మీరంతా వెళ్ళాక గోడలతో మాట్లాడనా అమ్మాయీ?" అని శనివారాలు బడికి వెళ్ళి కథలు చెప్పసాగారు.

"మా అమ్మ కథ మొదలెడితే మధ్యాహ్న భోజనం చల్లారవలసిందే" అన్నారు మావారు.

కట్టడాల పనికి వచ్చిన ఒక ఒడియా కుటుంబం పిల్ల మూడువారాలు నోరు విప్పలేదు. నాలుగోవారం అత్తగారు కాకి బొమ్మ చూపించి, "దీని పేరేమిటర్రా, మరిచిపోయాను" అన్నారు. ఆ పిల్ల చటుక్కున లేచి "కాఉ!" అంది. పిల్లలంతా గొల్లుమన్నారు. తీరా చూస్తే ఒడియాలో కాకి పేరు అదేనట. "మనకంటే ఆ పిల్లే నయం, దాని కూతతోనే దాన్ని పిలిచింది" అన్నారు అత్తగారు.

బడిలో బతుకమ్మనాడు ఆ పిల్ల తల్లి గునుగుపూలు తెచ్చి, ఓ మూల నిలబడింది. అత్తగారు చెయ్యిపట్టి వలయంలోకి లాగారు.

దసరా సెలవులయ్యేసరికి కట్టడం పూర్తయింది, కుటుంబం తరలిపోయింది. "నెలాఖరుదాకా పేరు కొట్టెయ్యకమ్మా" అని అత్తగారు పంతులమ్మను అడిగివచ్చారు. ఇప్పుడావిడ కథలో కాకికి రెండు పేర్లు.